పనికొచ్చేదాన్ని పటం కట్టకండి

వడ్రంగం కొత్తగా నేర్చుకోవాలనుకునేవారు మొట్టమొదట ఏ వస్తువు చెయ్యాలి? తెలిసినవారిని ఎవరినడిగినా పీట చెయ్యమంటారు. లేదా పుస్తకాలు పెట్టుకునే చిన్న అర చెయ్యమంటారు. నా అభిప్రాయం వేరు. ముందు అద్దం, వెనక పలక, చుట్టూ నాలుగు చెక్కలు, ఇంతే ఉండే ఒక చిన్న పెట్టె చెయ్యమంటాను. ఈ సలహా ఇవ్వడానికి నాకున్న అర్హత ఏమిటని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. ఇప్పటికి నేను చేసినది ఒకే ఒక్క పెట్టె. అదీ రెండవ ప్రయత్నంలో. కానీ ఆ ఒక్క పెట్టె చేస్తున్నప్పుడు కలిగిన ఆలోచనలు నన్ను వదలడం లేదు గనుక రాస్తున్నాను.

ఇంగ్లీషులో ఈ వస్తువును షాడో బాక్స్ అంటారు. పటానికీ దీనికీ తేడా లోతులో ఉంది. పటంలో కాగితం అద్దానికి అతుక్కుని ఉంటుంది. ఈ పెట్టెలో అద్దానికీ వెనక పలకకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంటుంది కాబట్టి బొమ్మలు కాక వస్తువులే ఉంటాయి, వాటి నీడ వెనక గుడ్డ మీద పడుతుంది. తెలుగులో ‘నీడపెట్టె’ అనుకుందాం. అనువాదాలు సాధారణంగా మూలం కంటే పేలవంగా ఉంటాయి గానీ ఇక్కడ మాత్రం మన మాటే ఒక మెట్టు పైనుందని నాకనిపిస్తుంది. మనకు నీడ అంటే వెలుతురు పడని చోటు మాత్రమే కాదు. గూడూ నీడా అంటాం, నీడపట్టున కూర్చోమంటాం. వాడేవారు లేని వస్తువులకి కాస్త నీడ కల్పించే పెట్టె అన్న అర్థం అడగకుండానే వచ్చి చేరింది.

అమెరికా సైన్యంలో, ముఖ్యంగా నౌకాదళంలో, ఉద్యోగ విరమణ చేసేవారికి వారి పతకాలను, హోదా చిహ్నాలను, మడతపెట్టిన జెండాను ఇలాంటి పెట్టెలో అమర్చి బహూకరించే ఆచారం ఉంది. న్యూయార్కులో జోసెఫ్ కార్నెల్ (1903–1972) అనే ఆయన చిత్రకళ ఏ పాఠశాలలోనూ నేర్చుకోకుండానే ఇంటి నేలమాళిగలో కూర్చుని దశాబ్దాల పాటు ఇలాంటి పెట్టెలే చేశాడు. పాత గాజుగ్లాసులు, మట్టిగొట్టాలు, పటాల ముక్కలు, పిట్టబొమ్మలు ఆయన సరుకు. సాహిత్యాభిమానులకి ఇంకా దగ్గర ఉదాహరణ టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్. 2008లో ‘ది మ్యూజియం ఆఫ్ ఇన్నొసెన్స్’ నవల రాసి, 2012లో అదే పేరుతో ఇస్తాంబుల్‌లో నిజంగానే ఒక మ్యూజియం తెరిచాడు. నవలలో 83 అధ్యాయాలు. ఒక్కో అధ్యాయానికి ఒక్కో అద్దాల పెట్టె. అందులో 4,213 సిగరెట్టు పీకలు ఒక్కొక్కటే గుచ్చిపెట్టిన గోడ కూడా ఉంది. ప్రేమించిన మనిషి వదిలేసిన వస్తువులకి ఒక మనిషి ఎంతటి చాకిరీ చెయ్యగలడో చూపించడానికి అంతకన్నా ఏం కావాలి?

మన ఇళ్లలో మాత్రం ఏం తక్కువ? దేవుడి మందసం ఉండేది, గోడలో గూళ్లు ఉండేవి, భోషాణాలు ఉండేవి. వస్తువుని దాచడం మనకి కొత్త కాదు. దాచినదాన్ని రోజూ కంటికి కనిపించేటట్టు ఉంచడమే కొంచెం కొత్త.

ఇక నా సంగతి. మా నాన్న వడ్రంగి. గుమ్మాలు, కిటికీలు, మంచాలు, ఊయలలు, పెళ్లిళ్లకి పీటలు, చివరి రోజుల్లో దుకాణాలకి బల్లలు చేశాడు. ఊళ్లో సగం ద్వారబంధాలు ఆయన చేతివే. ఆయన పనిచేస్తున్నంతసేపూ నేను చూరు కింద కూర్చుని ఎక్కాలు చదవాలి. రంపపుపొట్టు పోగుచేసుకుని ఆడుకోవడానికి అభ్యంతరం లేదు. ఉలి మీద చెయ్యి వేస్తే మాత్రం కేక వినిపించేది. “అది నీది కాదురా. నీ పలక నువ్వు తీసుకో.” ఒకసారి ఎవరో పెద్దమనిషి “కుర్రాణ్ణి పనిలో పెట్టవేం?” అని అడిగితే, చిత్రిక ఆపకుండానే “ఇది నాతో ఆఖరండి” అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. లెక్క తేల్చిన ధీమా ఉంది.

ఆయన లెక్క ప్రకారమే జరిగింది. చదువుకున్నాను, బల్ల ముందు కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది, జీవితమంతా కాగితాలతోటీ ఆ తరువాత కంప్యూటరుతోటీ గడిచింది. గోడకి మేకు కొట్టాలంటే పక్కవాళ్ల సాయం అడిగే స్థితి. “మీ నాన్నగారు వడ్రంగి కదండీ!” అని వాళ్లు ఆశ్చర్యపోతే నవ్వి ఊరుకునేవాణ్ణి.

నాన్న పోయాక అమ్మ ఆయన పనిముట్ల పెట్టె నా ముందు పెట్టింది. బాడిస, రెండు రంపాలు, మూలమట్టం, బరమా, తోపడ, మూడు ఉలులు, ఆకురాయి, సానరాయి. వాటి అడుగున ఒక పాత తువ్వాలులో నాలుగు చిన్న వస్తువులున్నాయి. ఇత్తడి బందులున్న మడత అడుగుబద్ద (రెండడుగులది, మడిస్తే ఆరంగుళాలు). బొటనవేలంత మిగిలిన ఎర్ర పెన్సిలు. ఒక కాడ విరిగితే దారం చుట్టిన కళ్లజోడు. కొలతలు రాసుకున్న చిట్టాపుస్తకం. వాటిని ఎక్కడైనా జాగ్రత్తగా పెట్టాలనిపించింది. ముందు పటాలు కట్టే దుకాణానికి వెళ్లాను. ఆయన మంచివాడే. లోతుగా కూడా చేసి ఇస్తానన్నాడు. చట్రానికి నమూనాలు చూపించాడు. అన్నీ టేకులాగ కనిపించే ప్లాస్టిక్. మా నాన్న అడుగుబద్దను టేకులాగ కనిపించే ప్లాస్టిక్‌లో పెట్టి గోడకి తగిలించడం ఊహించుకుని, మళ్లీ వస్తానని చెప్పి బయటపడ్డాను. అలా యాభై దాటాక రంపం పట్టుకున్నాను.

నాన్న దగ్గర పని నేర్చుకున్న ఒకాయన దగ్గరలోని పట్నంలో దుకాణం నడుపుతున్నాడు. ఆయన దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. “చేసిచ్చేస్తాను బాబూ, సాయంత్రం రండి” అన్నాడు. నేనే చేస్తానంటే కాసేపు నా చేతులవైపు చూసి, ఒక టేకు చెక్క తీసి ఇచ్చి ఒకే ఒక్క పాఠం చెప్పాడు. “గీత మీద కొయ్యకండి. గీతకి అవతల, పోయే ముక్కవైపు కొయ్యండి. కోశాక గీత మీ ముక్క మీద మిగలాలి.” ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పకపోతే పది చెక్కలు పాడయ్యాక గాని తెలియదు. రంపానికి కూడా మందం ఉంటుంది. అది తిన్నది పొట్టయి రాలుతుంది. గీత మీదే కోస్తే ఆ రాలినది మన కొలతలోంచి పోతుంది.

మొదటి ప్రయత్నంలో దురాశకి పోయాను. పటాలకుండేటట్టు మూలలన్నీ ఏటవాలుగా, 45 డిగ్రీల కోతతో కలపాలనుకున్నాను. నాలుగు చెక్కలు, ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో ఒక్క డిగ్రీ పొరపాటు ఒకేవైపుకి వస్తే, మూడు మూలలు దగ్గరకి నొక్కి కలిపాక నాలుగో మూల దగ్గర ఎనిమిది డిగ్రీల నోరు తెరుచుకుంటుంది. నా పెట్టె సరిగ్గా అలాగే నోరు తెరిచింది. పైగా ఆ అతుకుకి బలం తక్కువ. అడ్డంగా కోసిన కొస గొట్టాల కట్ట లాంటిది. జిగురునంతా లోపలికి పీల్చేసుకుని అతుకుని పొడిగా వదిలేస్తుంది. ముందొక పల్చటి పూత పూసి, అది పీల్చుకున్నాక రెండో పూత వెయ్యాలని తరువాత తెలిసింది.

రెండవ ప్రయత్నంలో అహంకారం తగ్గించుకుని, ఒక చెక్క కొసని ఇంకో చెక్కకి ఆనించి జిగురూ మేకులతో కలిపే మామూలు పద్ధతికి వచ్చాను. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే చాలు. నా కొలతలు ఇవి: లోపలి ఖాళీ 12 అంగుళాలు పొడవు, 9 అంగుళాలు ఎత్తు. చెక్క రెండున్నర అంగుళాల వెడల్పు, అరంగుళం మందం. పొడుగు ముక్కలు రెండూ 12 అంగుళాలు. వాటి కొసలని కప్పే పొట్టి ముక్కలు రెండూ 10 అంగుళాలు. అన్నీ కలిపి 44 అంగుళాలు. నాలుగడుగుల చెక్క కొంటే రంపం తినేదానికీ, మన తప్పులకీ నాలుగంగుళాలు మిగులుతాయి. ముందు అంచు మీద ముప్పావు అంగుళం వెడల్పు బద్దలు అతికిస్తే అవి లోపలికి పావంగుళం పొడుచుకు వస్తాయి. అద్దం వెనకనుంచి వచ్చి వాటికి ఆనుకుంటుంది. అద్దం వెనక సన్నని పుల్లలు నాలుగు బిగిస్తే అది కదలదు. వెనక పలక ప్లైవుడ్, దానికి నూలుగుడ్డ. పలకని మాత్రం జిగురుతో అతికించకండి, మరలతో బిగించండి. ఎప్పుడైనా తెరవాల్సి వస్తుంది.

ఈ కొలతలు ఎంచుకోవడానికి ఒక కారణముంది. 12, 9 పక్కలుగా గల దీర్ఘచతురస్రంలో మూలనుంచి మూలకి సరిగ్గా 15 అంగుళాలు వస్తుంది. మూడు, నాలుగు, అయిదుల పాత లెక్కే మూడింతలు చేసినది. తాపీమేస్త్రీలు పునాది వేసేటప్పుడు తాడుతో చూసుకునేది ఇదే. జిగురు ఆరకముందే లోపల రెండు మూలల కొలతలూ పట్టి, రెండూ 15 వచ్చేదాకా పెట్టెని అటూ ఇటూ సర్దాలి. బళ్లో ఈ సిద్ధాంతాన్ని నేను కంఠస్థం చేసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. అదే సమయానికి మా నాన్న దాన్ని పేరు తెలియకుండానే రోజూ గుమ్మాలలో బిగిస్తున్నాడు. ఇద్దరం ఒకే పాఠం చదువుతున్నామని ఇద్దరికీ తెలియలేదు.

అద్దం దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. లోపలి కొలత 12, 9 కదా అని అద్దం కూడా అంతే కోయించాను. దూరలేదు. వడ్రంగుల లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. పొడవులో ఒక నూలు, ఎత్తులో ఒక నూలు తగ్గించి మళ్లీ కోయిస్తే హాయిగా కూర్చుంది. నూలు తేడా రాకూడదంటూ నాన్న కేకలేస్తుంటే అది దారప్పోగుతో పోల్చి చెప్పే మాట అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. అది కచ్చితమైన కొలత అని యాభై ఏళ్లు దాటాక, చేతిలో పనికిరాని అద్దం పట్టుకుని తెలుసుకున్నాను.

మిగిలినవి తొందరగా చెప్పేస్తాను. గరుకుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220 వరకు చెక్క నారవాటంగా రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పాలిష్ తరువాత వెక్కిరిస్తాయి. ఫెవికాల్ లాంటి తెల్లజిగురుకి ఒక రోజు ఆరనివ్వాలి. లక్క పాలిష్ గానీ అవిసెనూనె గానీ వేశాక కొన్ని వారాలు తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయాక వస్తువులు పెట్టాలి. చెక్కనుంచీ, జిగురునుంచీ వచ్చే ఆవిరి మూసిన పెట్టెలో కాగితాన్నీ ఇత్తడినీ తింటుంది. వస్తువులని అతికించవద్దు, దారంతో వెనక గుడ్డకి కుట్టండి. ఎండ తగిలే గోడకి తగిలించవద్దు. మన కోస్తా ఉక్కకి తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి మూల దాచడం మంచిది.

ఇంతకీ మొదటి వస్తువుగా ఇదే ఎందుకు? పీట మనిషి బరువు మొయ్యాలి. కొత్తవాడి చేతిపని మనిషిని కింద పడేస్తే నవ్వులాట కాదు. ఈ పెట్టె మోసేది ఎంత బరువు? దానికి కావలసిన పనిముట్లూ అరడజనే. అయితే సులువు కదా అని అలుసు చెయ్యడానికి వీలులేదు, ఎందుకంటే అద్దం ఉంది. చెక్కని బతిమాలుకోవచ్చు, కాస్త రుద్ది, కాస్త నొక్కి, సందులో పొట్టూ జిగురూ కలిపి కూరి సర్దిచెప్పవచ్చు. అద్దం మాట వినదు. మూల వంకరయితే వంకర అని మొహం మీదే చెబుతుంది. అన్నింటికన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి. పీట సగంలో వదిలేస్తే అడిగేవారు లేరు. ఈ పెట్టెలోకి వెళ్లవలసిన వస్తువు మాత్రం తువ్వాలులో ఎదురుచూస్తూ ఉంటుంది. నా ఆరు ఆదివారాలూ చివరిదాకా సాగింది దాని మొహం చూసే.

ఇప్పుడు అసలు విషయం. మా నాన్న నన్ను ఉలి ముట్టనివ్వకపోవడం తప్పా? ఈ పెట్టె చేస్తున్నంతకాలం ఈ ప్రశ్న నాతో ఉంది. రంపం పట్టడం ఆయన నేర్పి ఉంటే నాకు ఎంత తృప్తిగా ఉండేదో అని మొదట్లో నొచ్చుకున్నాను. కానీ ఆయన స్థానంలో నిలబడి చూస్తే వేరేగా కనిపిస్తుంది. వడ్రంగి కొడుకు వడ్రంగే కావాలన్న ఏర్పాటులో ఉలి పట్టడం చదువు కాదు, శిక్షాస్మృతి. 1953లో అప్పటి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామాల్లో ప్రాథమిక పాఠశాల పిల్లలకి బడివేళలు తగ్గించి, మిగిలిన సమయం ఇంటి వృత్తి నేర్చుకోవాలన్న పథకం పెట్టింది. అది కులవిద్య అని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక రద్దయింది. తిరగబడినవారికి చేతిపని మీద ద్వేషం లేదు. పిల్లవాడి చేతికి ఏ పని రావాలో పుట్టుక నిర్ణయించడం మీద వారి కోపం.

ఆ వాదం ఇంకా ముగియలేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వం పి.ఎం. విశ్వకర్మ పథకం ప్రారంభించింది. వడ్రంగంతో కలిపి 18 చేతివృత్తులవారికి శిక్షణ, పనిముట్లకి 15,000 రూపాయల సాయం, తక్కువ వడ్డీకి అప్పు దాని అంశాలు. పనిముట్లకి డబ్బిస్తే కాదనేవాణ్ణి కాను. మా నాన్న కొత్త రంపం కొనడానికి రెండు పంటలు ఆగడం చూసినవాణ్ణి. కానీ కుటుంబ వృత్తి అన్న షరతు మీద 2024లో తమిళనాడు ప్రభుత్వం అభ్యంతరం చెప్పి ఆ రూపంలో అమలు చెయ్యబోమన్నప్పుడు, చిత్రిక ఆపకుండా “ఇది నాతో ఆఖరండి” అన్న గొంతు నాకు మళ్లీ వినిపించింది.

అయితే ఆయన లెక్కలో ఒక సగం మిగిలిపోయిందని నా అభిప్రాయం. వడ్రంగి కొడుకు బల్ల ముందుకి వచ్చాడు, బాగానే ఉంది. బల్ల ముందువాడి కొడుకు రంపం దగ్గరికి వెళ్లలేదు. పైకి వెళ్లే మెట్లు మాత్రమే కట్టి, వాటిని ఎక్కడమే గౌరవమన్నాం. ఫలితంగా చేతిపని ఇంకా ‘వాళ్ల’ పనిగానే ఉండిపోయింది. ఎవరైనా చెయ్యగలిగినది, అందరూ కొంత చేసి చూసినది ఒక కులానికి గుర్తుగా మిగలదు. కులవృత్తి కులాన్ని వదలాలంటే ఒక కులంవారు దాన్ని మానేస్తే చాలదు, మిగిలిన కులాలవారు దాన్ని పట్టుకోవాలి కూడా.

ఇదేమీ కొత్త ఊహ కాదు. పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగంలోనే ఫిన్‌లాండు, స్వీడన్ దేశాల్లో ఉనో సిగ్నేయస్, ఓటో సాలమన్ వంటి విద్యావేత్తలు కొయ్యపనిని బడిలో పాఠంగా పెట్టారు. ‘స్లాయిడ్’ అని దాని పేరు. చిన్న వస్తువుతో మొదలై క్రమంగా కష్టమైనవాటికి వెళ్లాలి. ఉద్దేశం వడ్రంగులని తయారుచెయ్యడం కాదు, కంటికీ చేతికీ నిజాయితీ నేర్పడం. ఫిన్‌లాండులో చేతిపని ఇవాళ్టికీ పిల్లలందరికీ తప్పనిసరి పాఠం. మన దేశంలో 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతివృత్తినే చదువుకి ఇరుసు చెయ్యాలన్నారు. ఆ విద్య పేదల బడులకే పరిమితమై, ధనికుల పిల్లలు వేరే బడులకి పోవడంతో నీరుగారిందని నేననుకుంటాను. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకాల సంచీ లేకుండా పది రోజులు స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర గడపాలంటోంది. పది రోజులు నీడపెట్టెకి సరిపోతాయి. నా కోరిక ఒక్కటే. ఆ పది రోజులూ వడ్రంగిని వరండాలో కూర్చోబెట్టకుండా, తరగతిగదిలోకి పిలిచి ఉపాధ్యాయుడికిచ్చే జీతం లెక్కన సొమ్మిచ్చి కుర్చీ వెయ్యాలి. ఆ కుర్చీ చేసింది ఆయనే అయినా ఆశ్చర్యం లేదు.

‘కడుపు నిండినవాడి సరదా’ అని కొందరు మిత్రులు నవ్వారు. నిజమే, నా ఆరు ఆదివారాల వెనక నెలజీతం ఉంది. పెట్టె వంకరపోతే నాకు పస్తు లేదు, నాన్నకి ఉండేది. ఆ తేడా మరిచిపోయి శ్రమసౌందర్యం గురించి ఉపన్యాసాలివ్వడం నాకూ రోతే. కానీ ఈ సరదా వలన ఒక మార్పు వచ్చింది. ఇంతకుముందు వడ్రంగి కూలి చెప్పగానే బేరమాడేవాణ్ణి. ఇప్పుడు నాలుగు మూలలు కలపడానికి ఎంత సేపు పడుతుందో నాకు తెలుసు. బేరమాడడానికి నోరు రావడం లేదు.

చివరిగా పెట్టెలో ఏం పెట్టాలన్నది. నాకు మొదట్లో అన్నీ పెట్టాలని ఉండేది. అడుగుబద్ద, పెన్సిలు, కళ్లజోడు, చిట్టా. వాటితోపాటు నాన్న చేతిచెమటకి పిడి నల్లబడిన అరంగుళం ఉలి. అన్నీ గుడ్డ మీద పేర్చి చూసుకుంటే బాగానే కనిపించింది. ఉలి మధ్యలో ఉంటే ఠీవిగా కూడా ఉంది. కుట్టడానికి సూదిలో దారం ఎక్కిస్తూ, అంచు ఎలా ఉందో చూద్దామని మిగిలిన చెక్కముక్క మీద పెట్టి ఒక్కసారి తోశాను. వెన్నలా లేచింది పొర. ఎన్నేళ్ల క్రితం సానపట్టాడో! దాన్ని అద్దం వెనక పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

నీడపెట్టె పని ముగించుకున్నవాటికి నీడ. కళ్లజోడుతో చూసే కళ్లు లేవు, పెన్సిలు ఇక గియ్యదు, చిట్టాలోని గుమ్మాలన్నీ ఎప్పుడో లేచి నిలబడ్డాయి. వాటికి అద్దం న్యాయం. ఉలికి కాదు. పనికొచ్చేదాన్ని పటం కడితే గౌరవించినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఇక నీతో పని లేదని చెప్పినట్టే. మనం చాలావాటికి ఈ పనే చేస్తున్నాం. చేతివృత్తులకి దండలు వేసి పండగలు జరుపుతాం, పిల్లల్ని మాత్రం దగ్గరికి పోనివ్వం. మన భాషకి కూడా అంతే, ఏటా ఒకరోజు దండ వేసి పొగిడి, మిగతా రోజులు వాడకుండా అద్దం వెనక ఉంచుతాం. అంచు ఇంకా పదునుగా ఉన్నంతకాలం ఏ వస్తువు చోటైనా చేతిలోనే.

పెట్టె ఇప్పుడు అమ్మ గదిలో గోడకి ఉంది. ఎడమ పైమూల దగ్గర సన్నని సందు, పొట్టూ జిగురూ కూరి కప్పాను. అమ్మ మొదటిరోజే అక్కడ వేలు పెట్టి “ఇక్కడ కాస్త తప్పింది” అంది. వడ్రంగి భార్య కదా. అడుగుబద్ద ఉండవలసిన చోట ఖాళీ ఉంది. బందులు తుడిచి చూస్తే అదీ బాగానే పనిచేస్తోంది, నేనే వాడుకుంటున్నాను. ప్రస్తుతం పీట చేస్తున్నాను. మూడు కాళ్లు సమంగా వచ్చాయి, నాలుగోదాని కింద అట్టముక్క పెట్టాల్సి వస్తోంది.

ఒక మనవి. నాన్న పెట్టెలో పేరు తెలియని పనిముట్లు ఇంకా రెండు మూడున్నాయి. మీ వైపు బాడిసనీ, తోపడనీ, బరమానీ ఏమంటారో, ఇవి కాక మీ ఇళ్లలో ఏ పేర్లు వినిపించేవో గుర్తుంటే రాయండి. వాడుకుంటాను.